గుట్ట మీద గడ్డి – సుఖోమాజ్రి చెప్పిన పాఠం



గుట్ట మీద గడ్డి పోతే గుట్ట కింద చేను పోతుంది. ఇది మనకు తెలియని సంగతి కాదు. తెలిసి కూడా గుట్టలు బోడిగానే ఎందుకు మిగులుతున్నాయి? దీనికి జవాబు కావాలంటే ఒకసారి ఉత్తరాన ఉన్న శివాలిక్ కొండల దాకా పోయి రావాలి.

హిమాలయాల పాదాల దగ్గర ఉన్న చిన్న కొండలు ఇవి. వీటిలో గట్టి రాయి తక్కువ. మట్టి, ఇసుక, గులకరాళ్ళు కలిసిన మెత్తని నేల. పైన పచ్చదనం ఉన్నంతకాలం ఫరవాలేదు. అది పోయిందా, ఒక్క పెద్దవానకే నేల గండ్లు పడుతుంది. వానప్పుడు పొంగి, తరువాత ఇసుకపాయలుగా మిగిలే అక్కడి వాగులను ‘చో’ అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో చెట్లు నరికి, మందలను విచ్చలవిడిగా మేపినందువల్ల, ఈ వాగులు హోషియార్‌పూర్ ప్రాంతంలో వేలాది ఎకరాల సాగుభూమిని ఇసుకపాలు చేశాయి. కావున 1900లో పంజాబు ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. ఆ కొండల మీద నరకడాన్నీ, మేపడాన్నీ నిషేధించే అధికారం దాని వల్ల వచ్చింది. అయితే మరి, చట్టాన్ని చూసి మేక ఆగుతుందా?

1958లో చండీగఢ్‌లో ఒక వాగుకు కట్టవేసి సుఖ్నా సరస్సును నిర్మించారు. రెండు దశాబ్దాలైనా గడవకముందే అందులో సగానికి పైగా పూడిక నిండింది. ఆ మట్టి ఎక్కడిదని భూసంరక్షణ పరిశోధకులు ఆరా తీశారు. వారికి నాయకుడు పి. ఆర్. మిశ్రా. వాగు వెంట పైకి పోగా, సుఖోమాజ్రి అనే చిన్న పల్లె పైనున్న బోడి గుట్టలు కనిపించాయి. ఊరివాళ్ళకు పొలం కొద్ది, వాన మీదే ఆధారం. కాబట్టి మేకలే వారి బతుకు.

పరిశోధకులు గండ్లకు అడ్డుకట్టలు వేశారు, మొక్కలు నాటారు, మేపవద్దన్నారు. ఊరివాళ్ళు ఒకే ప్రశ్న వేశారు: “మీ చెరువు బాగుపడితే మాకేమిటి?”

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరి గుట్ట మీద గడ్డి పిలకలు నాటించాను. తొలకరికి నాటినవి చక్కగా బతికాయి. దసరా నాటికి ఒక్క దుబ్బు మిగలలేదు. మేకలవాళ్ళను కోప్పడ్డాను. వారిలో ఒక పెద్దాయన, “నాటేటప్పుడు మమ్మల్ని అడిగినారా సారూ? మందను ఎక్కడికి తోలుకుపొమ్మంటారు?” అన్నాడు. నా చదువులో దీనికి జవాబు లేదు. సుఖోమాజ్రిలో ఉంది.

అక్కడ 1976లో మొదలుపెట్టి చిన్న మట్టికట్టలు వేసి వాన నీరు నిలిపారు. ఎండిపోయే గోధుమపైరుకు ఆ నీరు ప్రాణం పోసింది. గుట్ట మీద మట్టి జారితే ఆ చెరువు పూడుతుంది. అంటే గుట్టను కాపాడటం ఇప్పుడు ఊరి పని అయింది. కాని మొదట నీరు కొందరి పొలాలకే అందింది. అందనివాళ్ళు “మేమెందుకు మందలు ఆపాలి?” అన్నారు. న్యాయమైన మాటే కదా! అప్పుడు పొలం ఉన్నా లేకపోయినా ప్రతి ఇంటికీ నీటిలో సమాన వాటా అని కట్టుబాటు చేసుకున్నారు. పొలం లేనివారు తమ వాటాను ఇతరులకు ఇచ్చి ప్రతిఫలం పొందవచ్చు. ఆ తరువాత కొండకు కంచె అవసరం లేకపోయింది, మాటే కంచె అయింది.

మందలు దిగిపోయాక భాబర్ గడ్డి గుట్టలను కమ్మింది. దీని పీచువేళ్ళు మట్టిని గుప్పిట పట్టినట్లు పట్టుకుంటాయి. ఆకులు వాన దెబ్బను ఓర్చుకుంటాయి. దుబ్బులు పారే నీటి వేగాన్ని తగ్గిస్తాయి. లేతగా ఉంటే పశువులకు మేత, ముదిరితే నులకకు, కాగితపు మిల్లులకు సరుకు. క్రమంగా మేకలు తగ్గి పాడిగేదెలు పెరిగాయి. కోసుకువచ్చిన మేత కొట్టంలోనే వేశారు. సుఖ్నాకు పోయే పూడిక కూడా తగ్గింది.

కాబట్టి, సోదరులారా, మీ ఊరి గుట్ట మీద గడ్డి వేయదలిస్తే ముందు మేకలవాళ్ళను రచ్చబండ దగ్గరకు పిలవండి. మేతకు ఏ పక్క వదలాలో, కోసిన గడ్డి ఎవరిదో తేల్చుకోండి. ఆ తరువాతే పార పట్టండి. వాలుకు అడ్డంగా, మట్టం చూసి చాళ్ళు తీయండి. తొలకరి పదును కాగానే వట్టివేరు పిలకలను జానెడు దూరంలోపే ఒత్తుగా నాటండి. సందు ఉంటే నీరు అక్కడే గండి కొడుతుంది. చచ్చినచోట వెంటనే మళ్ళీ నాటండి. వేళ్ళు పట్టేదాకా మందను రానీయకండి.

పిలక నాటడం ఒక పూట పని. దానికి ముందు జరగాల్సిన మాట కుదరడానికి ఒక ఏడాది పట్టినా ఫరవాలేదు. ఆ ఏడాది దండగ కాదు. నేను దండగ చేసింది మాట కుదరకముందే నాటిన ఏడాదినే.