చెరకు గానుగ నుండి రాకెట్ ఇంధనం వరకు

శ్రీరామనవమినాడు భద్రాద్రిలో మనం భక్తితో సేవించే పానకం వెనుక చెరకు రైతు చెమట ఉన్నది. ధాన్యాన్ని నెలల తరబడి గాదెలో దాచుకోవచ్చును. కాని, నరికిన చెరకులోని తీపి గంటగంటకూ తరిగిపోతుంది. అందువలన మిల్లు చేనికి చేరువలో లేనిచో రైతు శ్రమ వ్యర్థమే. ఈ సత్యమెరిగిన పారిశ్రామికవేత్త ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్.

1921లో జన్మించిన వీరు, దేశానికి స్వాతంత్ర్యం సిద్ధించిన 1947 ఆగస్టులోనే తణుకులో ఆంధ్రా షుగర్స్ సంస్థకు శ్రీకారం చుట్టారు. 19వ శతాబ్ది మధ్యలో ధవళేశ్వరం వద్ద నిర్మితమైన ఆనకట్టతో పశ్చిమ డెల్టా సస్యశ్యామలమైనది. భద్రాద్రి పాదాలను తాకి దిగువకు సాగే గోదావరి జలాలే అక్కడి పొలాలకు ప్రాణాధారం. తరువాతి కాలంలో ఈ సంస్థ మన ఖమ్మం సరిహద్దుకు చేరువలో, జంగారెడ్డిగూడెం దాపున ఉన్న తాడువాయిలోనూ చక్కెర కర్మాగారాన్ని నెలకొల్పినది.

గానుగలో ఏదీ వృథా కారాదన్నది వీరి కార్యదీక్షలోని విశేషం. పిప్పి బాయిలరుకు ఇంధనమయినది. మడ్డి నుండి ఆల్కహాలు, దానినుండి ఎసిటిక్ ఆమ్లం తయారయ్యాయి. సంస్థ ఆస్పిరిన్ ఉత్పత్తిని సైతం చేపట్టినది. గోదావరి తీరాన కొవ్వూరులో రసాయన పరిశ్రమ వెలసినది. ఇస్రో సాంకేతిక విజ్ఞానంతో తణుకులో తయారైన ద్రవ ఇంధనం పీఎస్ఎల్‌వీ రాకెట్లకు ఉపయోగపడినది. పల్లెటూరి చెరకు మిల్లుగా ఆరంభమైన సంస్థ అంతరిక్ష యానానికి తోడ్పడుట తెలుగువారికి గర్వకారణం కాదా?

అయితే, మిల్లు యజమానికి అసలు పరీక్ష యంత్రాల వద్ద కాదు, కాటా వద్ద. తూకం సరిగా ఉన్నదా, సొమ్ము సకాలంలో అందినదా అన్నవే రైతు అడిగే రెండు ప్రశ్నలు. చెరకు అప్పగించిన 14 రోజులలోగా ధర చెల్లించాలని 1966 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు నిర్దేశించినది. చట్టం గడువును విధించగలదు గాని, నమ్మకాన్ని కలిగించలేదు. దానిని ఏటేటా సంపాదించుకొనవలసినదే.

శాసనసభ్యునిగానూ ప్రజాసేవ చేసి, 'ఆంధ్రా బిర్లా'గా ప్రసిద్ధికెక్కిన హరిశ్చంద్రప్రసాద్ 2011 సెప్టెంబరులో కీర్తిశేషులయ్యారు. ముళ్ళపూడి కుటుంబీకుల పేర తణుకులో వైద్యాలయం, పాలిటెక్నిక్ వెలసినవి.

ఆలయ జీర్ణోద్ధరణ వేళ మనం గ్రహింపదగినది ఒకటున్నది. శిథిలమైన గోడను సున్నంతో, రాతితో నిలబెట్టవచ్చును. పదిమంది సొమ్ముతో నడిచే ఏ కార్యమైనను, గుడియైనా మిల్లైనా, నిలిచేది మాత్రం నమ్మకం మీదనే.