తిథి లెక్క: అహర్గణం నుంచి కంప్యూటర్ దాకా

మన సభ్యులలో చాలామంది ఇళ్లలో రెండు పంచాంగాలు ఉంటాయి. ఒకటి సూర్యసిద్ధాంత రీత్యా గుణించినది, రెండవది దృగ్గణితం. పండుగ ఒక రోజు అటూ ఇటూ అయినప్పుడు మనవలు "తాతయ్యా, కంప్యూటర్లో చూస్తే సరిపోతుందిగా" అంటున్నారు. చూడవచ్చు. అయితే అందులో జరిగే లెక్క మనకు బొత్తిగా కొత్తది కాదు.

సిద్ధాంతిగారు మొదట అహర్గణం కడతారు. అంటే కలియుగాది నుంచి నేటికి ఎన్ని రోజులు గడిచాయో తేలుస్తారు. కంప్యూటర్ చేసే మొదటి పనీ అదే. కాకపోతే అది 'జూలియన్ దినసంఖ్య'తో లెక్కిస్తుంది. 2000 జనవరి 1 మధ్యాహ్నానికి ఆ సంఖ్య 24,51,545. దాని నుంచి సూర్యచంద్రుల మధ్యమ స్థానాలు కట్టి, వాటికి సంస్కారాలు చేస్తే స్ఫుట స్థానాలు వస్తాయి. చంద్రుడు సూర్యుణ్ణి దాటి 12 డిగ్రీలు ముందుకు పోతే ఒక తిథి. ఇంతవరకు ఇద్దరిదీ ఒకే బాట.

పేచీ అంతా చంద్రుడి సంస్కారాల దగ్గర వచ్చింది. సూర్యసిద్ధాంతం చంద్రుడికి ఒకే సంస్కారం చెప్పింది, గరిష్ఠంగా 5 డిగ్రీలకు కొంచెం పైన. నిజానికి పెద్దవి రెండున్నాయి: ఒకటి సుమారు 6.29 డిగ్రీలు, సూర్యాకర్షణ వల్ల వచ్చే రెండవది సుమారు 1.27. అమావాస్య, పూర్ణిమలలో రెండవది మొదటి దాన్ని తగ్గిస్తుంది, మిగిలేది 5.02. అష్టమినాడు రెండూ కలిసి 7.56 దాకా పోతాయి. పూర్వులు తమ లెక్కను గ్రహణాలతో సరిచూసుకున్నారు, గ్రహణాలు పర్వదినాల్లోనే వస్తాయి కనుక లెక్క సరిపోయింది! ఆ చూపుకు జోహార్లు చెప్పవలసిందే. కానీ అష్టమి ప్రాంతంలో రెండున్నర డిగ్రీల తేడా వస్తే, తిథి అంతమయ్యే వేళ ఐదు గంటల దాకా జరుగుతుంది. 'బాణవృద్ధి రసక్షయం' అని ఒకరు, 'సప్తవృద్ధి దశక్షయం' అని మరొకరు వాదించుకునేది ఇందుకే.

ఇది పండితుల గొడవ అనుకోకండి. మా పెదనాన్నగారి తిథి బహుళ అష్టమి. ఒక ఏడు అన్నదమ్ములు ఇద్దరూ చెరొక పంచాంగం పట్టుకొని ఆబ్దికం చెరొక రోజున పెట్టారు. ఇద్దరిదీ భక్తే.

రెండవ సంస్కారం పాశ్చాత్యులు వచ్చి నేర్పితేనే మనకు తెలిసింది కాదు. 932లో 'లఘుమానసం' రాసిన మంజులుడు దాన్ని చెప్పాడు. ఒడిశాలో ఖండపడా వాసి సామంత చంద్రశేఖరులు (1835-1904) స్వయంగా తయారుచేసుకున్న కర్ర పరికరాలతో ఆకాశాన్ని చూసి, మళ్లీ స్వతంత్రంగా పట్టుకున్నారు. మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఒక చర నక్షత్రాన్ని కనుగొన్నారు. కంటికి కనపడే ఆకాశంతో పంచాంగం సరిపోవాలని పట్టుబట్టి దృగ్గణిత పంచాంగం వెలువరించినది కూడా ఆయనే. సంప్రదాయ పక్షం వారు ధర్మకార్యాలకు ఆర్షగణితమే ప్రమాణమన్నారు. వారి మాట తోసెయ్యదగ్గది కాదు గాని, వారిలో చాలామంది గ్రహణాలకు మాత్రం దృగ్గణితమే తీసుకోవడం నాకు వింతగా ఉంటుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం ఏర్పడింది. నిర్మల్ చంద్ర లాహిరి కార్యదర్శి. 1955లో నివేదిక ఇచ్చారు. 1956 మార్చి 21న అయనాంశ 23 డిగ్రీల 15 నిమిషాలని నిర్ణయించారు. 1957 మార్చి 22 నుంచి శక సంవత్సరంతో జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. ప్రభుత్వం లెక్క ఇచ్చింది గాని ఎవరినీ నిర్బంధించలేదు.

కంప్యూటర్ రాకతో శ్రమ పోయింది. చంద్రుడికి వందల సంస్కారాలైనా క్షణంలో కూడుతుంది. 1997లో వచ్చిన 'స్విస్ ఎఫిమెరిస్' అయితే అమెరికా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ వారి గ్రహగణితం మీద ఆధారపడింది. నేటి జాతక సాఫ్ట్‌వేర్లలో చాలావాటి లోపల ఉన్నది అదే. కానీ అదే యంత్రానికి సూర్యసిద్ధాంత సూత్రాలిస్తే, పాత తిథినే అంతే వేగంగా చెబుతుంది. కొన్నిటిలో రెండు పద్ధతులూ ఉంటాయి.

కనుక పిల్లలు తెర మీద తిథి చూపించినప్పుడు ఏ గణితమో అడగండి. అయనాంశ మార్చి చూస్తే నక్షత్రం, రాశి మారవచ్చు గాని తిథి కదలదు. తిథి సూర్యచంద్రుల మధ్య దూరమే కదా. అయనాంశ ఇద్దరికీ ఒకటే.