కమాను కట్ట

బి.ఏ.లో నేను చరిత్ర చదివాను. ఏ రాజు ఎప్పుడు దండెత్తాడో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. ఆ రాజుల రథాల్లో కూచున్నవాళ్ల నడుములు ఏమయ్యేవో మాత్రం ఏ లెక్చరరుగారూ చెప్పలేదు. ఆ పాఠం నాకు 1991లోనే బెజవాడ ఆటోనగర్లో ఒక మేస్త్రీ చెప్పాడు. అప్పుడు నాకు పదకొండేళ్లు.

మా నాన్నకి ఒక పాత లారీ వుండేది. మాకు వేరే పొలం లేదు, అదే మా పొలం. ఆ ఏడు దానికో జబ్బు పట్టుకుంది. ముందు భాగం బుద్ధిగానే వెళ్లేది, వెనక భాగం మాత్రం అటూ యిటూ వూగేది. వెనకాల వచ్చేవాళ్లు చూశారు. "తాగి నడుపుతున్నాడు" అని మాట పుట్టింది. నాన్న మందు వాసన కూడా ఎరగడు. అయినా కిరాయిలు తగ్గాయి. పైకి ఏమీ అనని మా అమ్మ కూడా, అన్నం వడ్డించే వంకతో నాన్న మీదికి కాస్త వంగి గాలి పీల్చటం నేను చూశాను. నాన్నా చూశాడు. ఆ పూట ఆయన మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాడు.

టైర్లు మార్చాం, చక్రాల బేరింగులు చూపించాం. వూపు తగ్గలేదు. చివరికి ఈ మేస్త్రీ దగ్గరికి వెళితే, ఆయన స్పానరు ముట్టుకోలేదు, నూలుతాడు తీశాడు! ఎడమవైపు కమాను ముందు పిన్ను నించి ఇరుసు దాకా కొలిచి ముడేశాడు. అదే తాడు కుడివైపు పెట్టాడు. ముడి ఇరుసుని అందుకోలేదు. బొటనవేలి వెడల్పు తక్కువైంది.

"చూశావా పాపా! ఇరుసు వంకరగా కూచుంది" అన్నాడు.

కమాను అంటే విల్లు, పారశీకం నించి మనకి వచ్చిన మాట. ఆ విల్లు కథ నేను కాలేజీ లైబ్రరీలో తరవాత చదువుకున్నాను. పూర్వం యూరపులో గొప్పవాళ్ల బండ్లని తోలుపట్టీలతో వేలాడదీసేవారట. ఉక్కు కమానులు 18వ శతాబ్దంలోనే వున్నా, 1804లో ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ అనే ఆయన, రెండు విల్లులు ఎదురెదురుగా పెట్టినట్టుండే కమానుకి పేటెంటు తీసుకున్నాడు. దాంతో బండి కింద పొడుగునా వుండే బరువైన దూలం అక్కర్లేకపోయింది. గుర్రాలు పోయి ఇంజన్లు వచ్చాయి, విల్లు మాత్రం పోలేదు. 1954లో టాటావారు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టినప్పుడూ, 1955లో మద్రాసు అశోక్ మోటార్స్ అశోక్ లేలాండ్‌గా మారినప్పుడూ, సరుకు బరువు మోసింది ఆ విల్లే.

ఒక్క పట్టీ అయితే విరుగుతుంది, అందుకే పొడుగుదాని కింద పొట్టివి వరసగా పేర్చి కట్ట కడతారు. కుదుపు వస్తే పట్టీలు ఒకదాన్నొకటి రాసుకుని ఆ వూపుని తామే అణుస్తాయి. కట్టనంతా కలిపి వుంచేది నడుమ గుచ్చిన సెంటరు బోల్టు. ఇరుసుకి అదిమి పట్టేవి యూ బోల్టులు. అవి వదులైతే ఇరుసు జరిగే జోరంతా పాపం ఆ సెంటరు బోల్టు మీదే పడుతుంది. మా లారీకి జరిగింది అదే. కట్ట విప్పగానే వేలెడు బోల్టు రెండు ముక్కలై రాలింది.

"తాగింది నువ్వు కాదు బాబూ, నీ ఇరుసు" అన్నాడు మేస్త్రీ. నాన్న నవ్వలేదు, తలతిప్పుకున్నాడు.

కొత్త సెంటరు బోల్టు, కొత్త యూ బోల్టులు, అరిగిన పిన్నులకీ బుష్షులకీ బదులు కొత్తవీ పడ్డాయి. "మొదటి లోడు దింపాక మళ్లీ వచ్చి బిగించుకోండి. బరువు పడ్డాక కట్ట సర్దుకుని యూ బోల్టులు వదులవుతాయి. అది మరిచేవాళ్లే మళ్లీ మళ్లీ నా దగ్గరికొస్తారు" అన్నాడు.

ఆ రాత్రి నాన్న బోల్టు ముక్కలు కంచం పక్కన పెట్టాడు. అమ్మ వాటినీ, నాన్ననీ చూసింది. ఏమీ అనలేదు. అడక్కుండానే మజ్జిగ రెండుసార్లు పోసింది.

ఈసారి మీ ముందు ఏ పాత లారీ అయినా వూగుతూ పోతుంటే తొందరపడి డ్రైవర్ని తిట్టకండి. కాస్త దూరంగానే వుండండి. టీ కొట్టు దగ్గర ఆగితే మాత్రం, "వెనక కమాను ఒకసారి చూసుకో నాయనా" అని చెప్పండి. ఆయన ఇంట్లో కూడా ఎవరో అన్నం వడ్డిస్తూ వంగుతున్నారేమో!