స్వర్ణముఖి వెంట ఒక దినము

ఉదయమున తిరుపతి నుండి సకుటుంబముగా చంద్రగిరి చేరితిమి. 1565లో తళ్లికోట యుద్ధమున ఓడిన పిమ్మట విజయనగర ప్రభువులు తొలుత పెనుకొండను, ఆపైన ఈ దుర్గమును రాజధానిగా చేసికొనిరి. కలప వాడక రాతితో, ఇటుకతో, సున్నముతో కట్టిన మూడంతస్తుల రాజమహలు చెక్కుచెదరక నిలిచియున్నది. పురావస్తు శాఖవారు దానిని ప్రదర్శనశాలగా కాపాడుచున్నారు. అందు కాపురముండువారు మాత్రము లేరు.

మధ్యాహ్నము అదే నది దిగువనున్న శ్రీకాళహస్తికి పోతిమి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఎత్తించిన రాజగోపురము 2010 మే 26 రాత్రి కూలిపోయినది. అంతకుముందే అది బీటలు వారియుండెను. ఆ తావుననే కట్టిన కొత్త గోపురమునకు 2017లో కుంభాభిషేకము జరిగినది.

మా అమ్మ తలయెత్తి నమస్కరించినది.

“అవ్వా, ఇది రాయలవారి గోపురమేనా?” అని పిల్లవాడు అడిగెను.

“స్వామివారి గోపురము, నాయనా.”

ఆ మాట కాదనలేకపోతిమి. నిత్యము పూజలు సాగు కోవెల తలవాకిలి లేక ఎన్నాళ్లుండగలదు? రాజులు విడిచిన మేడ కనుకనే చంద్రగిరిలో పాత గోడలు పాతవిగా మిగిలినవి. అయినను, పాత గోపురము నెరిగిన మా కన్నులు ఆ రాళ్లనే వెదకినవి.