మదురై వీధుల ముగ్గు

తాకట్టు మీద అప్పులిచ్చే పని నాది. ముప్పయ్యేళ్లుగా దస్తావేజుల్లో నాలుగు హద్దులు చదువుతున్నాను గాని, ఆ హద్దులన్నీ కలిస్తే ఊరెలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. ఈమధ్య మా ఆఫీసు కుర్రాడొకడు కంప్యూటరులో మదురై ఉపగ్రహ చిత్రం చూపించాడు. చూడగానే మా అమ్మ వాకిట్లో వేసే ముగ్గు గుర్తొచ్చింది.

నడుమ చుక్కలాగా మీనాక్షీ సుందరేశ్వరుల గుడి. ప్రాకారం లోపల ఆడి వీధులు, గోడ దాటగానే చిత్తిరై, ఆపైన ఆవణి మూల, తర్వాత మాసి, చివర వెళి వీధులు. వెళి అంటే బయట. తక్కినవన్నీ తమిళ నెలల పేర్లే. ఒక చదరం చుట్టూ ఇంకో చదరం. లోపలి గీతలు తిన్నగా ఉంటాయి, బయటికి వచ్చేకొద్దీ చెయ్యి వణికినట్టు వంకరపోతాయి. నాకు ఆ వంకరే ఎక్కువ నచ్చింది.

ఇది మన నాయకరాజులు వేసిన ఊరని ఇక్కడి తెలుగువాళ్లం చెప్పుకుంటూ ఉంటాం. నేనూ చెప్పాను. కాని లెక్క సరిచూస్తే మొత్తం మన ఖాతాలో జమకట్టడం న్యాయం కాదు. సంగకాలపు పరిపాడల్‌లోనే మదురైని తామరపువ్వుతోనూ, వీధుల్ని రేకులతోనూ పోల్చారు. 1529లో రాజ్యానికి వచ్చిన విశ్వనాథ నాయకుడు పాండ్యుల పాత కోటను తీసేసి, 72 బురుజులతో రెండు గోడల పెద్ద కోట కట్టించాడు. అది మన పద్దు.

తిరుమల నాయకుడిది (1623–1659) ఇంకో రకం పద్దు. మాసి నెలలో జరిగే మీనాక్షి కల్యాణాన్ని ఆయన చిత్తిరైకి మార్చాడంటారు. కోతలు ముగిసి ఊళ్లలో జనానికి తీరిక దొరికే నెల అది. అందుకే నేటికీ చిత్తిరై ఉత్సవంలో తేరు తిరిగేది మాసి వీధుల్లో! చిన్నప్పుడు ఈ తిరకాసు ఎవరినడిగినా నవ్వేవారే తప్ప చెప్పేవారు కాదు.

ఇక ఆ కోట లేదు. 1840 ప్రాంతంలో కలెక్టరు బ్లాక్‌బర్న్ గోడలు పడగొట్టించి, అగడ్త పూడ్పించాడు. ఆ జాగాలో వచ్చినవే వెళి వీధులు. ముగ్గు అంచు ఎందుకు వంకరపోయిందో అప్పుడు తెలిసింది. అది కోటగోడ నడిచిన దారి. ఆ పని చేయించిన సర్వేయరు మారెట్, మేస్త్రి పెరుమాళ్. ఇద్దరి పేర్లూ అక్కడి వీధులకు నిలిచాయి.

ఈ చదరపు వరసల్లో ఏ నాయకరాజు పేరూ లేదు. మొన్న నా బల్ల మీదికి వచ్చిన దస్తావేజులో మాత్రం తూర్పు హద్దు పెరుమాళ్ మేస్త్రి వీధి. ఇదివరకు గబగబా చదివి టిక్కు పెట్టేవాణ్ణి. మొన్న కాసేపు ఆగాను.