భద్రాచలం గోదావరి కరకట్ట

భద్రాచలం గోదావరి కరకట్ట భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, నది ఎడమ గట్టున, పట్టణాన్ని వరద నుంచి కాపాడే మట్టికట్ట. సముద్రం లేని ఈ అటవీ సరిహద్దులో యాత్రికులకు బీచ్ రోడ్డు లాంటిది ఇదే. 17వ శతాబ్దంలో కంచర్ల గోపన్న కట్టించిన రామాలయంలో దర్శనం ముగించుకున్నవారు సాయంత్రం ఇటే వస్తారు.

కట్ట మీద నుంచి స్నానఘట్టాల మెట్లు, ఎగువన 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెన, అవతల సారపాక కనిపిస్తాయి. ముక్కోటి ఏకాదశి ముందురోజు సాయంత్రం హంస వాహనంపై జరిగే తెప్పోత్సవాన్ని జనం ఈ గట్టు నుంచే చూస్తారు.

వేసవిలో ఇసుక మేటలు తేలే నది వానాకాలంలో మరో రూపం దాలుస్తుంది. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక జారీ అవుతుంది. 1986 ఆగస్టు 16న నమోదైన 75.6 అడుగులే ఇప్పటికీ రికార్డు; 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చింది, అప్పుడు వంతెనపై రాకపోకలు ఆపేశారు.

కట్టకూ ఒక చిక్కుంది. ఊరి వాననీరు నదిలోకి పోయే స్లూయిస్‌లను వరదవేళ మూసేయాలి. దాంతో లోపలి నీరు ఆలయ పరిసరాల్లో నిలుస్తుంది. మోటార్లతో తోడి గోదావరిలో పోస్తారు.

2014 విభజనతో చుట్టుపక్కల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. పట్టణం దాటి కాస్త దిగువకు వెళ్తే ఎటపాక, అంటే పక్క రాష్ట్రం.