నెల తప్పడం, తెల్లబట్ట: గర్భధారణ తొలి చిహ్నాల చరిత్రలో ఒక మరుగుపడిన లక్షణం

గర్భధారణను సూచించే తెలుగు మాటలు చాలావరకు ఇతరులు గమనించగలిగిన మార్పుల నుంచి పుట్టాయి. నెల తప్పడం రోజుల లెక్క. ముట్టయిన స్త్రీ దూరంగా కూర్చునే ఆచారమున్న ఇంట్లో ఆ లెక్క ఇంటిల్లిపాదికీ తెలిసేది. వేవిళ్ళు సరేసరి, దాచినా దాగవు. స్త్రీ తాను మాత్రమే ఎరిగే యోనిస్రావపు మార్పుకు ఇటువంటి శుభసూచకమైన మాట స్థిరపడలేదు. ఉన్న మాట తెల్లబట్ట. అది ఎర్రబట్టకు జంటగా రోగాల కోవలో చేరిపోయింది.

ప్రాచీన వైద్యగ్రంథాలు ఈ లక్షణాన్ని విస్మరించలేదు. సుశ్రుత సంహిత శారీరస్థానం మూడవ అధ్యాయం గర్భం నిలిచిన వెంటనే కనిపించే లక్షణాలను, తరువాత వ్యక్తమయ్యే వాటినుంచి వేరుచేసింది. అలసట, గ్లాని, దప్పిక, తొడల్లో నిస్సత్తువ, శుక్రశోణితాలు వెలికి రాక నిలిచిపోవడం, యోనిస్ఫురణం మొదటివి. చనుమొనలు నల్లబడడం, నూగారు తేరడం, అకారణంగా వాంతి కావడం, నోట నీరూరడం రెండవవి. యోని బీజాన్ని గ్రహించడాన్ని చరక సంహిత కూడా తొలి లక్షణాల్లో చేర్చింది. అంటే ఈ గ్రంథాల దృష్టిలో స్రావం ఆగడమే చిహ్నం. ఆధునిక ప్రసూతిశాస్త్రం చెప్పేది వేరు. ఈస్ట్రోజెన్ పెరిగి, కటిభాగంలో రక్తప్రసరణ హెచ్చి, పలుచని, తెల్లని, దుర్వాసన లేని స్రావం అధికమవుతుంది. గర్భాశయ ముఖంలోని శ్లేష్మం మాత్రం చిక్కబడి బిరడాలా నిలుస్తుంది. ఈ బిరడాను చూపి ప్రాచీనులకు అంతా తెలుసనడం తొందరపాటే. సుశ్రుతం ప్రస్తావించినది బీజం జారిపోకపోవడాన్ని, శ్లేష్మాన్ని కాదు.

కావ్యం కంటికి కనిపించే లక్షణాలనే ఆదరించింది. రఘువంశం మూడవ సర్గలో గర్భవతి అయిన సుదక్షిణ ముఖం పాలిపోవడాన్ని కాళిదాసు లొద్దుగతో పోల్చాడు. అదే లొద్దుగ చెట్టు బెరడు ఆయుర్వేదంలో శ్వేతప్రదరానికి, అంటే తెల్లబట్టకు, స్రావాన్ని అరికట్టే ఔషధం. ఒకే చెట్టు కవికి గర్భచిహ్నాన్ని, వైద్యుడికి రోగచికిత్సను స్ఫురింపజేసింది. ఇరవయ్యో శతాబ్దిలో మద్రాసులోని కేసరి కుటీరం నుంచి కె.ఎన్. కేసరి అమ్మిన స్త్రీల మందు పేరు లోధ్ర. 1928లో గృహలక్ష్మి పత్రికను స్థాపించినదీ ఆయనే. పెదవి దాటని స్త్రీశరీర విషయాలు తెలుగు అచ్చులోకి రావడానికి మందుల ప్రకటనలు ఒక దారి చూపాయి. అయితే ఆ దారిన వచ్చినది వ్యాధిగానే వచ్చింది.

పాశ్చాత్య వైద్యం మరో వైపు నడిచింది. యోని నీలివర్ణానికి మారడాన్ని గర్భచిహ్నంగా జేమ్స్ చాడ్విక్ 1886లో చర్చించాడు. ఆ చిహ్నాన్ని వైద్యపరీక్షలో చూడవలసిందే. 1920ల చివర బెర్లిన్‌లో అష్‌హైమ్, జోండెక్ మూత్రాన్ని చుంచెలుకలకు ఎక్కించి గర్భాన్ని నిర్ధారించే పద్ధతిని రూపొందించాక ఆ అవసరమూ తగ్గింది. గర్భనిర్ణయంలో స్త్రీ స్వానుభవం సాక్ష్యస్థానం నుంచి మరింత జరిగింది.

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని రాజయ్యపేట వంటి మత్స్యకార గ్రామాలను ఈ చరిత్ర చేరుకున్నది ఆశా కార్యకర్తల ద్వారా. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా వ్యవస్థ ఏర్పడింది. మూత్రపరీక్ష కిట్లు ఆ తరువాత తోడయ్యాయి. మొదటి 12 వారాల్లో గర్భం నమోదు కావాలన్నది లక్ష్యం. కిట్‌కు ఆధారం నెల తప్పిన లెక్కే. స్రావం గురించి అది ఏమీ చెప్పదు. సహజస్రావానికీ రోగస్రావానికీ తెల్లబట్ట అన్న ఒకే మాట ఉన్నచోట, హాని లేనిదానికి మందు వాడడం, దుర్వాసన, దురద, పచ్చని రంగు ఉన్నదాన్ని అందరికీ ఉండేదేనని వదిలేయడం రెండూ జరగగలవు. రక్తపు మరకతోపాటు పొత్తికడుపులో నొప్పి ఉంటే గర్భం గర్భాశయం వెలుపల నిలిచి ఉండవచ్చు. అప్పుడు కూడా కిట్‌పై రెండు గీతలే కనిపిస్తాయి.